వాల్వు మార్చి చూస్తే

మా ఫిజిక్సు ల్యాబులో కిటికీ పక్కన ఒక బీరువా ఉంది. దాన్నిండా అట్టపెట్టెల్లో పాత రేడియో వాల్వులు. ట్రాన్సిస్టర్లు వచ్చిన తర్వాత వాటిని పలకరించిన నాథుడు లేడు. పాత సామాన్ల కింద అమ్మేద్దామన్న మాట ఈమధ్య వినిపించింది. అమ్మవద్దని చెప్పడానికే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. పాతవాటి మీద మోజుతో మాత్రం కాదు.

కిందటి వేసవి సెలవుల్లో మాస్టారి అనుమతితో మూడు వాల్వులు ఇంటికి పట్టుకెళ్ళాను. ఒకే వాల్వుతో నడిచే రీజనరేటివ్ రేడియో కట్టాలని కోరిక. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ 1912లో ఆర్మ్‌స్ట్రాంగ్ దీన్ని కనిపెట్టాడు. అప్పటికి ఆయన కూడా మనలాంటి డిగ్రీ విద్యార్థే. ప్లేటు దగ్గర పెరిగిన సంకేతంలో కొంత భాగాన్ని టిక్లర్ అనే చిన్న కాయిలు ద్వారా మళ్ళీ గ్రిడ్డుకే అందిస్తే, అది మళ్ళీ పెరుగుతుంది. మోతాదు మించితే రేడియో ఈల వేస్తుంది. అంతేకాదు, తానే చిన్న ట్రాన్స్‌మిటరై పక్కింటి రేడియోనూ పాడుచేస్తుంది. ఈలకు ఒక్క వెంట్రుకవాసి ఇవతల ఆపడంలోనే పనితనమంతా ఉంది.

హీటరుకు 12.6 వోల్టులు కావాలి. మా ట్రాక్టరు బ్యాటరీ సరిగ్గా సరిపోయింది. ప్లేటుకు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు పది వరసగా కలిపాను.

మొదట ఇ.సి.సి.82 పెట్టాను. దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టరు 20 దాకా ఉంటుంది. టిక్లర్ దగ్గరకు జరుపుతూంటే పాట మెల్లగా పైకి లేచింది. చెప్పినట్టు వినే ఎద్దులాంటి వాల్వు.

తర్వాత ఇ.సి.సి.83. పిన్నులు అవే, హీటరు అదే, ఫ్యాక్టరు 100! ఐదు రెట్లు గట్టిగా వినపడుతుందని లెక్కవేసుకుని కూర్చున్నాను. తీరా చూస్తే పాట పీలగా వచ్చింది. కాయిలు పూర్తిగా ఆనించినా ఈల లేదు. వైర్లు రెండుసార్లు విప్పి కట్టాను. వాల్వు చచ్చిపోయిందనుకున్నాను.

నాన్న చూసి, "ఏరా, 7029 వేసిన మడిలో 5204 వేసి, ఎరువూ మందూ పాత లెక్కనే వేస్తే ఊరుకుంటుందా? అగ్గితెగులు పట్టుకోదూ?" అన్నాడు. ఆయనకి రేడియో సంగతి తెలియదు. కానీ ఆ రాత్రే పట్టికలు ముందేసుకున్నాను. మ్యూ అంటే మ్యూచువల్ కండక్టెన్స్‌ను ప్లేటు రెసిస్టెన్స్‌తో గుణించగా వచ్చేది. పరీక్షలో రాసి మార్కులు కొట్టేసిన సూత్రమే. నూరు వోల్టుల దగ్గర 83కు వోల్టుకు 1.25 మిల్లీఆంపియర్లే, 82కు 3.1. దాని నూరంతా 80 వేల ఓముల ప్లేటు రెసిస్టెన్స్ పుణ్యం. కాయిల్లోకి తోసే బలం దాని దగ్గర లేదు. టిక్లర్‌కు ఎనిమిది చుట్లు కలిపితే అప్పుడు పలికింది. ఇ.సి.సి.81ది ఇంకో గొడవ. దాని బలం 4 మిల్లీఆంపియర్లు. ముట్టుకుంటే చాలు, గభాలున ఈలలోకి దూకేది. దానికి చుట్లు విప్పాల్సి వచ్చింది.

(బీరువాలో ఇ.సి.సి.85లు కూడా ఉన్నాయి. అవీ తొమ్మిది పిన్నులవే, కానీ హీటరు 6.3 వోల్టులది. నా సాకెట్లో పెడితే మాడిపోయేది. చూసి పెట్టండి బాబూ.)

ల్యాబులో మనం చేసేదేమిటి? గ్రాఫు ముందు గీసి, రీడింగులు తర్వాత వేస్తాం. నేనూ వేశాను. సరైన జవాబు ముందే చేతిలో ఉన్నప్పుడు తప్పు రావడానికి చోటెక్కడిది? తప్పు వచ్చిన ఆ ఒక్క రాత్రి చూసినన్నిసార్లు మూడేళ్ళలో ఎన్నడూ పట్టికలు చూడలేదు.

కరెంటు ప్రమాదం కదా అని కొందరు మాస్టార్లు అంటారు. నిజమే, తొంభై వోల్టులతో వేళాకోళం పనికిరాదు. అందుకే ల్యాబులో వాళ్ళ కళ్ళముందే చెయ్యనివ్వమంటున్నాను. ఈ రోజుల్లో వాల్వులెవరు వాడతారనే వాళ్ళకు ఒకటే జవాబు: ఒకదాన్ని పీకి ఇంకొకటి పెట్టి, ఏం మారిందో చెవితో వినగలిగే పరికరం మన ల్యాబులో ఇంకేది ఉందో చూపించండి.

విద్యార్థి సంఘం పూనుకుని నెలకొక శనివారం మధ్యాహ్నం ఆ బీరువా తాళం తీయిస్తే చాలు. కాయిళ్ళకు తీగ మేం చందాలు వేసుకుంటాం. బ్యాటరీ నేను తెస్తాను, కాకపోతే కోతలయ్యేదాకా ఆగాలి. నాన్న ట్రాక్టరు కదలాలిగా!