పంట మనది, తరాజు ఎవలది?

పంజగుట్ట నిమ్స్ దవాఖాన పేరు వింటే తెలంగాణ బిడ్డకు ఒకటే తారీకు యాదికొస్తది. 2009 డిసెంబర్ 9. ఆ రాత్రి ఢిల్లీ నుంచి ప్రకటన వచ్చింది, ఆ దవాఖానలనే కేసీఆర్ దీక్ష విరమించిండు. ఆ తర్వాత నాలుగున్నరేండ్ల కొట్లాట, వందల మంది బలిదానం, 2011ల 42 రోజుల సకల జనుల సమ్మె. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతెత్తినం. ఆ మూడింటి లెక్క ఇంకా అడుగుతనే ఉన్నం. ఇయ్యాల మేము అడుగుతున్నది నాలుగో మాట: నికరమైన ధర.

రాష్ట్రం వచ్చింది కని పంటకు ధర కట్టే తరాజు రైతు చేతికి రాలేదు. ఎకరానికి ఇంత అని పైసలు పంచితే అది రాదు. కంపెనీలతోని కొట్లు తెరిపిస్తే రాదు. రైతులే సభ్యులుగ, రైతులే ఓటర్లుగ, అప్పు, అమ్మకం రెండూ ఒక్క కప్పు కింద నడిపే సొంత సంఘం ఉంటెనే వస్తది. ఆ సంఘానికి తొలి బేరం దొరికే చోటు ఏడనో లేదు, అమీర్‌పేట, పంజగుట్ట గల్లీలల్లనే ఉన్నది.

మెస్సు గిన్నెల ఎవలి కష్టం ఉడుకుతున్నది?

మైత్రీవనం చుట్టు కోచింగ్ బోర్డుల మీద జావా పోయి డేటా సైన్స్ వచ్చింది. గల్లీల హాస్టల్ బోర్డు మాత్రం అట్లనే ఉన్నది. ఎస్సార్ నగర్, బల్కంపేట, ఎల్లారెడ్డిగూడ, ఏ సందుకు పోయినా ఒక మెస్సు, ఒక టిఫిన్ సెంటరు, ఒక కర్రీ పాయింటు. పంజగుట్ట దిక్కు వస్తే నిమ్స్, ఎర్రమంజిల్‌ల జలసౌధ, బ్యాంకులు, ఆఫీసులు. తెల్లారితే ఇక్కడ తరిగే టమాట, ఉల్లిగడ్డ, వంకాయ బండ్లకు బండ్లు.

తినేది ఎవలు? పాలమూరు, నల్లగొండ, కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి చదువుకు, కొలువుకు వచ్చిన రైతు బిడ్డలు. పండించేది ఎవలు? చేవెళ్ల, వికారాబాద్, షాద్‌నగర్, గజ్వేల్ దిక్కు రైతులు. నడుమ దూరం గంటన్నర, రెండు గంటల బండి ప్రయాణం. కని నడుమ చేతులు ఎన్ని? బోయిన్‌పల్లి మార్కెట్‌ల కమీషన్ ఏజెంటు, ఆయన దగ్గర కొనే టోకు వ్యాపారి, ఆ టోకు వ్యాపారి దగ్గర కొనే చిల్లర వ్యాపారి, చివరికి మెస్సు. కమీషన్, హమాలి, తరుగు, బండి కిరాయి అన్నీ కోసినంక చీటీ మీద మిగిలిందే రైతుకు.

ఇది మేము అల్లిన కథ కాదు. 2024 అక్టోబర్‌ల రిజర్వ్ బ్యాంకు వెలువరించిన అధ్యయనమే చెప్పింది. టమాటకు మనం పెట్టే రూపాయిల రైతుకు చేరేది 33 పైసలు. ఉల్లిగడ్డల 36, ఆలుగడ్డల 37. అదే వరుసల వచ్చిన ఇంకో అధ్యయనం పాల సంగతి లెక్క గట్టింది. పాలల్ల రైతుకు ముట్టేది 70 పైసల దాకా.

ఈ తేడా ఎందుకొచ్చింది? టమాట తొందరగ పాడైతదని వ్యాపారులు చెప్తరు. పాలు అంతకన్న ముందే విరుగుతయి కదా! తేడా పంటల లేదు, సంఘంల ఉన్నది. గుజరాత్‌ల ఆనంద్ రైతులు 1946ల పట్టిన సహకార దారి దేశమంతట పాకింది. పాలకు రైతుల సంఘం ఒకటి పక్కన ఉంటె ప్రైవేటు డైరీ గుడ ధర మరీ తక్కువ ఇయ్యలేదు. టమాటకు ఆ సంఘం లేదు. అందుకే 33 పైసలు.

నడిమి రైతు గోస

తెలంగాణల సగటు కమతం ఒక హెక్టారు, అంటే రెండున్నర ఎకరాలు. 2015-16 వ్యవసాయ గణన చెప్పిన లెక్క ఇది. ఈ లెక్కల అయిదు నుంచి పది ఎకరాల కుటుంబమే మన నడిమి రైతు. బోరు, డ్రిప్పు, ఇంటిల్లిపాది కష్టం, బ్యాంకుల సగం అప్పు, బయట సగం అప్పు. ఈయన ఇబ్బంది మీద ఎవలూ మాట్లాడరు.

1999 జనవరి 26న రైతు బజార్లు మొదలుపెట్టిండ్రు. అమీర్‌పేట దాటి పోతే ఎర్రగడ్డల పెద్ద బజారే ఉన్నది. మంచి పని, కాదనం. రెండు గంపల తోటకూర, నాలుగు గంపల బెండకాయ తెచ్చే రైతుకు అది ఆసరా. కని ఒక్క కోతకు యాభై, అరవై డబ్బాల టమాట తెంపే రైతు పొద్దుందాక చద్దరు పరుచుకొని కిలో కిలో తూకం వెయ్యగలడా? తోట ఎవలు చూడాలె? ఇంకో దిక్కు, ఏడాది పొడుగునా ఒకే సైజు కాయ టన్నులకు టన్నులు కావాలంటది కంపెనీ. అంత సరుకు ఆయన దగ్గర ఉండదు. గంపకు ఎక్కువ, కంపెనీకి తక్కువ. అందుకే డీసీఎం ఎక్కి బోయిన్‌పల్లికి పోవుడే ఆయన నసీబు.

అక్కడ గుడ బేరం ఆడలేడు. ఎందుకంటే విత్తనాలకు, మందులకు ఆ ఏజెంటే ముందు పైసలు ఇచ్చిండు. అప్పు ఉన్న దుకాణం విడిచి ఇంకో దుకాణానికి సరుకు ఎత్తుకపోలేడు. తరాజు ఏజెంటు చేతికి పోయింది మార్కెట్‌ల కాదు, దుక్కి దున్నిన నాడే పోయింది. మార్కెటింగ్ సంస్కరణ అని ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ ముడి సంగతి ఎత్తరు.

బోయిన్‌పల్లి మార్కెట్ చెత్తతోని కరెంటు తీస్తున్నరని 2021 జనవరిల ప్రధాని రేడియోల మెచ్చుకున్నడు. కరెంటు తీసుడు మంచిదే. కని ఆ చెత్తల అమ్ముడుపోని కూరగాయ గుడ ఉన్నది. దానికి నీళ్లు కట్టిన రైతు పేరు ఏ రేడియోల వినబడదు.

కొట్లు వచ్చినయి, కొట్లు పోయినయి

దళారీని తీసేసే మొనగాళ్లు మేమేనని కార్పొరేట్లు దిగిన రోజులు ఈ గల్లీలకు ఎరుకే. 2004ల పంజగుట్ట చౌరస్తాల హైదరాబాద్ సెంట్రల్ తెరిచిండ్రు. 2006ల రిలయన్స్ ఫ్రెష్ దేశంల తొలి కొట్లు హైదరాబాద్‌లనే పెట్టింది. 1992ల చంద్రబాబు స్థాపించిన హెరిటేజ్ ఫుడ్స్ ఆఫీసు ఏండ్ల తరబడి పంజగుట్టలనే ఉండె. పాలతోపాటు హెరిటేజ్ ఫ్రెష్ పేరుతోని కూరగాయల కొట్లు గుడ పెట్టిండ్రు. రైతుకు ధర, పట్నానికి చవక అని పేపర్లు పేజీలకు పేజీలు రాసినయి.

ఏమైంది? 2016ల హెరిటేజ్ ఆ కొట్లను ఫ్యూచర్ రిటైల్‌కు అమ్మేసింది. 2022ల ఆ ఫ్యూచర్ రిటైలే దివాలా విచారణకు ఎక్కింది. కొట్లు చేతులు మారినయి, బోర్డులు మారినయి. ఆ బేరాలు కుదిరిన గదులల్ల కూరగాయలు పోసిన రైతుకు కుర్చీ ఉండెనా? ఉండదు. కంపెనీల ఓటు వాటాదారుకు ఉంటది, సరుకు పోసినోనికి ఉండదు. మంచి కాయ ఏరుకొని మిగిలింది వాపస్ పంపే హక్కు కొనేటోనికి ఉన్నది, ధర అడిగే హక్కు అమ్మేటోనికి లేదు. కంపెనీ ఏ ప్రాంతం వానిదైనా ఇంతే. ఆంధ్ర పెట్టుబడి స్థానంల తెలంగాణ పెట్టుబడి వచ్చి కూసుంటె రైతుకు ఒరిగేది ఏమీ లేదని మేము కుండబద్దలు కొట్టి చెప్తున్నం.

ముల్కనూరు చూపిన తొవ్వ

మరి దారి ఉన్నదా? ఉన్నది. 1956 నుంచి మన గడ్డ మీదనే ఉన్నది. పాత కరీంనగర్ జిల్లా, ఇప్పటి హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలం ముల్కనూరుల అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి చుట్టుపక్కల రైతులను కూడగట్టి సహకార సంఘం పెట్టిండు. దాని పేరే చూడుండ్రి: సహకార గ్రామీణ పరపతి, మార్కెటింగ్ సంఘం. పరపతి, మార్కెటింగ్ రెండూ ఒక్క పేరుల ఉన్నయి. కిటుకు అంతా అక్కడనే ఉన్నది.

పంట పెట్టుబడికి అప్పు సంఘమే ఇస్తది. ఎరువు, విత్తనం సంఘమే అమ్ముతది. వడ్లు, పత్తి సంఘమే కొంటది, సొంత మిల్లుల పట్టించి అమ్ముతది. మిగులు సభ్యులకే చేరుతది. అప్పు ఇచ్చినోడు, పంట కొనేటోడు ఒక్కడే కావుడు దళారీ చేతుల ఉంటె ఉరితాడు. అదే పని రైతు సంఘం చేస్తే ఊతకర్ర. పద్ధతి ఒకటే, యజమాని వేరు.

అదే ముల్కనూరుల 2002ల ఆడబిడ్డల డైరీ మొదలైంది. సభ్యులు ఆడోళ్లు, పాలకవర్గం ఆడోళ్లు. స్వకృషి పేరుతోని పాల పాకెట్లు అమ్మిండ్రు. వీళ్లకు అండగ నిలిచింది 1995ల వచ్చిన పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. సర్కారు వాటా ధనం తీసుకోని సంఘం మీద సర్కారు పెత్తనం ఉండొద్దని ఆ చట్టం చెప్పింది. 2006ల రాజశేఖరరెడ్డి ప్రభుత్వం పాల సంఘాలను ఆ చట్టం నుంచి తప్పించి మళ్ల సర్కారు అజమాయిషీ కిందికి గుంజాలని సవరణ తెచ్చింది. హైకోర్టు కొట్టేసింది. 2011ల సుప్రీంకోర్టు గుడ అదే ఖాయం చేసింది. ఇష్టపడి కట్టుకున్న సంఘం సభ్యులదే, మంత్రిది కాదు. ఈ తీర్పు రైతు చేతుల ఉన్న ఆయుధం. దాన్ని ఎవలూ వాడమని చెప్పకపాయె.

సంఘాలంటే నమ్మకం ఎందుకు పోయింది?

సంఘం అంటే లీడర్ల మేత అని ఊర్లల్ల ఒక మాట ఉన్నది. ఆ మాట ఉత్తగనే పుట్టలేదు. ప్రాథమిక సహకార సంఘాలకు 2020 ఫిబ్రవరిల ఎన్నికలు జరిగినయి. అయిదేండ్ల గడువు 2025 ఫిబ్రవరిల తీరింది. ఎన్నికలు పెట్టాలె కదా? పెట్టలేదు, గడువు పొడిగించిండ్రు. సభ్యుడు ఓటేసే దినం సర్కారు దయ మీద ఉంటె అది సంఘం ఎట్ల అయితది?

అంతకుముందు ప్రభుత్వం చేసింది గుడ తక్కువ లేదు. 2017ల రైతు సమన్వయ సమితులు పెట్టింది. రైతులకు ధర ఇప్పిస్తయన్నది. సభ్యులను మాత్రం రైతులు ఎన్నుకోలేదు, సర్కారే నామినేట్ చేసింది. 2018ల రైతుబంధు వచ్చింది, సీజనుకు ఎకరానికి 4 వేలు. 2025ల రైతు భరోసా వచ్చింది, 6 వేలు. ఆ పైసలు వద్దని మేము అనం. కని పైసలు తీసుకునే చెయ్యి కిందికి ఉంటది, ధర అడిగే చెయ్యి మీదికి ఉంటది. ఏ జెండా ప్రభుత్వమైనా మొదటి చెయ్యినే ఇష్టపడ్డది, రెండోదాన్ని సూసి జడిసింది.

కూరగాయలకు సంఘం నడవదని ఇంకొందరి వాదన. బెంగళూరుల హాప్‌కామ్స్ పుట్టింది 1959ల, ద్రాక్ష రైతుల సంఘంగ. నాసిక్ దిక్కు సహ్యాద్రి ఫార్మ్స్ రైతులు ద్రాక్షను యూరప్‌కు పంపుతున్నరు. అమెరికల విస్కాన్సిన్‌ల చితికిపోతున్న నడిమి తరగతి కుటుంబ రైతులు 1988ల ఆర్గానిక్ వ్యాలీ అనే సహకార సంఘం కట్టిండ్రు. మొదలు కూరగాయలు, తర్వాత పాలు అమ్మి నిలబడ్డరు. అక్కడ సాధ్యమైంది చేవెళ్లల ఎందుకు కాదు?

ఇగ మన వంతు

సంఘం కట్టేది రైతులు. కని సంఘం నిలబడాలంటె కొనేటోడు కావాలె. ఆ కొనేటోళ్లు ఈ పత్రిక చదివే విద్యార్థులు, ఉద్యోగులే.

విద్యార్థులారా! హాస్టల్ ఫీజు మీ తండ్రి పంటల నుంచి వచ్చింది. నాలుగు హాస్టళ్లు కలిసి మెస్సు యజమానిని ఒక్క మాట అడుగుండ్రి: కూరగాయలు రైతు సంఘం నుంచి తెస్తవా అని. పదిహేను దినాలకు ఒకసారి ధర కుదుర్చుకుంటె మెస్సుకు ధర ఎగిరిపడుడు ఉండదు, రైతుకు ధర పడిపోవుడు ఉండదు. పైసలు మాత్రం వారంల కట్టాలె. ఉద్దెర పెడితే రైతు మళ్ల ఏజెంటు గడపే ఎక్కుతడు.

ఉద్యోగులారా! సకల జనుల సమ్మెల జీతాలు విడిచి నిలబడ్డది మీరే. మీ ఆఫీసు క్యాంటీనుకు, కాలనీకి సరుకు ఎక్కడిదో అడిగే బలం మీ యూనియన్లకు ఉన్నది. వారానికి రెండు దినాలు ఆఫీసు ఆవరణల సంఘం బండి నిలబడనియ్యుండ్రి.

సర్కారుకు మా డిమాండ్లు నాలుగే. సహకార ఎన్నికలు గడువుల పెట్టాలె. గురుకులాలు, ప్రభుత్వ హాస్టళ్లు, దవాఖానల కూరగాయల కొనుగోళ్లల్ల టెండరు కాంట్రాక్టరు కన్న ముందు రైతు సంఘాలకు వాటా రాసి పెట్టాలె. 1995 చట్టం కింద కట్టుకున్న కూరగాయల సంఘానికి పంట పెట్టుబడికి బ్యాంకు అప్పు ఇప్పించాలె, పెత్తనం చెయ్యొద్దు. 2017 నుంచి మెట్రో లైన్లు కలుస్తున్న అమీర్‌పేట జంక్షన్ కాడ రైతు సంఘాలకు అమ్మకం జాగ ఇయ్యాలె.

కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్న జాతికి తరాజు తెచ్చుకునుడు బరువు కాదు. ఉద్యమంల ఊరూరికి జాక్ కట్టినం. ఇప్పుడు ఊరూరికి అమ్మకం సంఘం కట్టాలె. ధర చెప్పే నోరు రైతుదయ్యేదాక ఈ కొట్లాట ఆగేది కాదు.

జై తెలంగాణ!