సర్కారు భవనం: ఖర్చు పెరిగేది సైట్‌లోనా, కాగితం మీదా?

2024 ఆగస్టులో ఐఐటీ మద్రాస్ నిపుణులు అమరావతికి వచ్చి నీళ్లలో మునిగి ఉన్న పునాదులను పరిశీలించారు. సచివాలయ టవర్ల కోసం 2019 ఎన్నికలకు ముందు వేసిన రాఫ్ట్ పునాదులవి. ఏళ్ల తరబడి పనులు ఆగిపోవడంతో అక్కడ చెరువులా నీళ్లు నిలిచాయి. ఆ పునాదులు ఇంకా పనికొస్తాయా అన్నది తేలితే గానీ మిగతా పని మొదలయ్యే పరిస్థితి అప్పట్లో లేదు.

ప్రభుత్వం మారడం వల్లే ఇలా జరిగిందని చాలామంది అంటారు. అది నిజమే, కానీ సగమే. తేదీలు ఒకసారి చూడండి.

రాజధానికి శంకుస్థాపన జరిగింది 2015 అక్టోబరు 22న. ప్రభుత్వ భవన సముదాయం డిజైన్‌కు జపాన్ సంస్థ మాకి అండ్ అసోసియేట్స్‌ను ఎంపిక చేసింది 2016 మార్చిలో. తర్వాత ఆ సంస్థను పక్కనపెట్టి లండన్‌కు చెందిన ఫోస్టర్ ప్లస్ పార్ట్‌నర్స్‌కు బాధ్యత ఇచ్చారు. 2019 ఎన్నికలు వచ్చేసరికి శాశ్వత సచివాలయ టవర్లు పునాది దశలోనే ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో మూడు రాజధానుల ప్రతిపాదన వచ్చింది. మళ్లీ పనుల పునఃప్రారంభ కార్యక్రమం జరిగింది 2025 మే 2న.

రాజకీయం పెద్ద దెబ్బే కొట్టింది. అయితే ఏం కట్టాలి, ఎవరు గీయాలి అన్నది తేలడానికి పట్టిన కాలం కూడా అందులో కలిసింది.

ఆర్కిటెక్ట్ పని బొమ్మ గీయడమేనా?

కాదు. భవనం ఎవరి కోసం, ఎన్ని గదులు, ఎంత బడ్జెట్ అని యజమానితో కూర్చుని రాసుకోవడం మొదటి మెట్టు. తర్వాత కాన్సెప్ట్, ప్రాథమిక డిజైన్, అనుమతుల డ్రాయింగులు, సైట్‌లో మేస్త్రీ చూసి కట్టే వర్కింగ్ డ్రాయింగులు, టెండరు, నిర్మాణ పర్యవేక్షణ, చివరికి అప్పగింత. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, అంచనా వ్యయం సరిచూసుకుని, యజమాని సంతకం తీసుకున్నాకే తర్వాతి మెట్టు ఎక్కాలి. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్‌కు ప్రాణం ఇదే.

ఇల్లు కట్టించినవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ప్లాన్ కాగితం మీద ఉన్నప్పుడు బాత్రూమ్‌ను ఇటు జరపడానికి రబ్బరు చాలు. గోడ లేచాక జరపాలంటే పగలగొట్టాలి, ప్లంబర్‌ను, ఎలక్ట్రీషియన్‌ను మళ్లీ పిలవాలి, టైల్స్ మళ్లీ కొనాలి. సర్కారు భవనంలోనూ జరిగేది ఇదే. కాకపోతే డబ్బు మనందరిదీ.

స్కాట్లండ్ పార్లమెంటు కథేంటి?

ఈ తప్పుకు ఎంత ధర చెల్లించాల్సి వస్తుందో ఎడిన్‌బరోలోని స్కాట్లండ్ పార్లమెంటు భవనం చెబుతుంది. 1997లో ప్రభుత్వ పత్రంలో పేర్కొన్న ఖర్చు కోటి నుంచి 4 కోట్ల పౌండ్లు. చివరికి అయ్యింది దాదాపు 41.4 కోట్ల పౌండ్లు. 2001లో పూర్తి కావాల్సిన భవనాన్ని 2004 అక్టోబరులో ప్రారంభించారు.

పని నడుస్తుండగానే ఆర్కిటెక్ట్ ఎన్రిక్ మిరాయెస్ 2000లో మరణించారు. అయితే 2004లో వచ్చిన లార్డ్ ఫ్రేజర్ విచారణ నివేదిక ఏ ఒక్కరినీ దోషిగా నిలబెట్టలేదు, పద్ధతిని తప్పుపట్టింది. మొదటి అంచనా ఎప్పటికీ సరిపోయేది కాదని చెప్పింది. ‘కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్’ అనే కాంట్రాక్టు విధానాన్ని ఎంచుకోవడాన్ని గట్టిగా విమర్శించింది.

ఈ విధానంలో మొత్తం పనికి ముందే ధర ఖరారు కాదు. పనిని ముక్కలుగా విడగొట్టి, డిజైన్ పూర్తయిన ముక్కకు టెండరు పిలుస్తూ పోతారు. త్వరగా మొదలుపెట్టవచ్చు. కానీ డిజైన్ మారితే, ధర పెరిగితే ఆ భారమంతా యజమానిదే. అక్కడ యజమాని ప్రభుత్వం, అంటే పన్ను కట్టే జనం.

మన దగ్గర నిబంధనలు లేవా?

ఉన్నాయి. పరిపాలనా అనుమతి, ఖర్చుకు మంజూరు, వివరమైన డిజైన్, పరిమాణాలతో కూడిన అంచనా, నిధులు, టెండరు, వర్క్ ఆర్డర్ లేకుండా పని మొదలుపెట్టకూడదని కేంద్ర ప్రభుత్వ పనులకు వర్తించే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ చెబుతున్నాయి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, శిలాఫలకానికి ముహూర్తం ఉంటుంది, వర్కింగ్ డ్రాయింగులకు ఉండదు. ఎన్నికల్లోపు పని కనిపించాలన్న తొందరలో సగం డ్రాయింగులతోనే జేసీబీ దిగితే, మిగతా నిర్ణయాలు సైట్‌లో జరుగుతాయి. అవే తర్వాత అదనపు పనులుగా, గడువు పొడిగింపులుగా ఫైలెక్కుతాయి.

మనమేం అడగొచ్చు?

మీ వీధిలో బస్తీ దవాఖానా, స్కూలు, వార్డు ఆఫీసు ఏది కడుతున్నా ఐదు ప్రశ్నలు అడగండి.

1. పరిపాలనా అనుమతి ఎంత మొత్తానికి, ఏ తేదీన ఇచ్చారు?

2. టెండరు పిలిచే నాటికి వర్కింగ్ డ్రాయింగులు పూర్తయ్యాయా?

3. ఒప్పందం తర్వాత ఏమేం మార్చారు? ఎవరు ఆమోదించారు? ఎంత పెరిగింది?

4. గడువు ఎన్నిసార్లు పొడిగించారు? కారణం ఏం రాశారు?

5. అప్పగించాక లోపాలు బయటపడితే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో ఎంతకాలం బాగుచేయాలి?

2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. కాగితాలే కాదు, జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కు, వాడుతున్న సామగ్రి ధ్రువీకృత నమూనాలు తీసుకునే హక్కు కూడా ఈ చట్టం కింద ఉన్నాయి. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఐదింటిలో ఒక్కటే అడిగే వీలుంటే రెండోది అడగండి. దానికి ‘లేదు’ అన్న జవాబు వస్తే, మూడు, నాలుగు ప్రశ్నలకు జవాబులు ఎలా ఉండబోతున్నాయో ముందే ఊహించుకోవచ్చు.