పేరు పాతదే... పానాయే కొత్తది!

జగ్గయ్యపేటలో సాయంత్రం పూట టీ బంకు ముందు కొత్త బండి ఆగిందంటే చుట్టూ నలుగురు మూగడం మామూలే. కానీ ఆ బండి ట్యాంకు మీద 'ఎజ్డీ' అని రాసుందనుకోండి... మూగేవాళ్ల వయసు మారిపోతుంది. కుర్రాళ్లు కాస్త పక్కకు జరుగుతారు. అరవై దాటినవాళ్లు కళ్లజోడు సవరించుకుంటూ ముందుకొస్తారు. ముందు ట్యాంకు నిమురుతారు. తర్వాత వంగి, ఎడమ పక్కన దేనికోసమో వెతుకుతారు.

''కిక్‌ రాడ్డేదిరా అబ్బాయ్‌?''

''లేదు బాబాయ్‌. బటన్‌ నొక్కడమే!''

''అదేంటి! దీనికి గేరు రాడ్డే కదా కిక్‌ రాడ్డు?''

''అదెప్పటి సంగతి బాబాయ్‌...'' అని నవ్వేస్తాడు కుర్రాడు.

ఇలాంటి మాటలు పేటలోనే కాదు, ముప్ఫై కిలోమీటర్ల అవతల నందిగామ చందర్లపాడు రోడ్డులోనూ వినిపిస్తాయి. కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతమని అందరూ ఇప్పటికీ పిలుచుకునే ఈ రెండు ఊళ్లూ 2022 ఏప్రిల్‌ నుంచి ఎన్టీఆర్‌ జిల్లాలో ఉన్నాయి. జిల్లా పేరు మారినా పాత పేరే నోట్లో తిరుగుతోంది. బండి సంగతి సరిగ్గా దీనికి తిరగేసిన కథ. పేరు పాతదే, లోపలున్నదంతా కొత్తది. మరి ఆ పేరును చూసి రెండు లక్షలు పోయొచ్చా? ఇప్పుడు మెట్టలో బండి ప్రియుల మధ్య నడుస్తున్న అసలు చర్చ ఇదే.

ఎక్కడి యజ్ద్‌... ఎక్కడి మెట్ట!

కథ 1929లో చెకోస్లొవేకియాలో మొదలైంది. ఆయుధాలు తయారుచేసే యానెచెక్‌ అనే ఆసామి, జర్మనీకి చెందిన వాండరర్‌ కంపెనీ మోటార్‌సైకిల్‌ వ్యాపారాన్ని తీసుకున్నాడు. ఇంగ్లీషులో తన పేరులోని మొదటి రెండక్షరాలకు ఆ కంపెనీ పేరులోని రెండక్షరాలు కలిపితే వచ్చిన పేరే 'జావా'. మన దేశంలో రుస్తుం ఇరానీ, ఫరూఖ్‌ ఇరానీ కలిసి మైసూరులో 'ఐడియల్‌ జావా' కంపెనీ పెట్టారు. 1961లో మైసూరు గవర్నర్‌ జయచామరాజ ఒడయార్‌ ఆ ఫ్యాక్టరీని ప్రారంభించారు. డెబ్భైల్లో అవే బండ్లకు 'ఎజ్డీ' అని సొంత పేరు పెట్టుకున్నారు. ఇరాన్‌లోని యజ్ద్‌ పట్టణం పేరది. ఎక్కడో ఎడారి ఊరి పేరు మన మిర్చి చేల గట్ల మీద తిరిగిందన్నమాట!

సుమారు 250 సీసీ ఇంజిను, ఒకే సిలిండరు. అయినా సైలెన్సర్లు మాత్రం రెండు. టూ స్ట్రోక్‌ కాబట్టి పెట్రోలులో ఆయిలు కొలిచి కలపాలి. వెనక నీలం పొగ, ముందు గుండ్రటి దీపం, మధ్యలో దగ్గీదగ్గనట్టుండే ఆ చప్పుడు... బండి ఊరి పొలిమేరలో ఉండగానే ఎవరొస్తున్నారో ఇంట్లోవాళ్లకు తెలిసిపోయేది. అన్నిటికన్నా తమాషా ఆ రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్‌ రాడ్డు, స్టార్టయ్యాక కిందికి దించితే అదే గేరు రాడ్డు. తెలియనివాడు బండి తీసుకెళ్దామన్నా ముందు ఆ రాడ్డు దగ్గరే ఆగిపోవాల్సిందే. ఇంతకు మించిన తాళం ఇంకేం కావాలి?

నల్లరేగడి నేలల్లో వాన పడితే దారులన్నీ బురదే. అలాంటి దారిలో ఓ ఎరువు బస్తా, వెనక ఇద్దరు మనుషులతో వెళ్లాలంటే లాగే శక్తి ఉన్న బండి కావాలి. బుల్లెట్టు కొనే స్తోమత లేనివాళ్లకు, రాజ్‌దూత్‌ చాలదనుకున్నవాళ్లకు జావా, ఎజ్డీలే దిక్కయ్యాయి.

'ఎప్పటికీ' అన్న మాట

ఆ రోజుల్లో కంపెనీ ప్రకటన 'ఫరెవర్‌ బైక్‌... ఫరెవర్‌ వాల్యూ'. అంటే ఎప్పటికీ నిలిచే బండి అని. కానీ 1985లో హీరో హోండా సీడీ100 వచ్చింది. పెట్రోలు పోసి మర్చిపొమ్మంది. లీటరుకు ముప్ఫై ఇస్తే గొప్పనుకునే ఎజ్డీ, దాని మైలేజీ ముందు నిలవలేకపోయింది. మరోపక్క కాలుష్య నిబంధనలు బిగుసుకున్నాయి. 1996లో మైసూరు ఫ్యాక్టరీ మూతపడింది. ఎప్పటికీ అన్న కంపెనీ ముప్ఫై అయిదేళ్లకే వెళ్లిపోయింది.

బండి మాత్రం వెళ్లలేదు. ఎందుకంటే కంపెనీ ఇచ్చిన మాటను మెకానిక్కులు నిలబెట్టారు. స్పేర్లు దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్‌లో లేత్‌ మిషన్‌ మీద చేయించారు. సిలిండరు అరిగితే బోరు కొట్టించి కాస్త పెద్ద పిస్టన్‌ వేశారు. మసి పట్టిన సైలెన్సర్‌ను మంటలో కాల్చి దులిపారు. ఒక బండి పూర్తిగా పడుకుంటే దాని ఒంట్లోని భాగాలతో మూడు బండ్లను లేపారు. చేతిలో నాలుగు పానాలు, ఓ స్క్రూడ్రైవరు, ప్లగ్గు రుద్దడానికి గరుకు కాగితం, తుడవడానికి బనీను వేస్టు ఉంటే చాలు... చింత చెట్టు కిందయినా ఇంజిను విప్పేయొచ్చు. జావా, ఎజ్డీ అభిమానులు ఏటా జులై రెండో ఆదివారం తమ బండ్ల పండగ చేసుకుంటారు. కంపెనీ లేని కాలంలోనూ పండగ ఆగలేదంటే ఆ పుణ్యం ఇలాంటి చెట్టు కింది షెడ్లదే.

మళ్లీ వచ్చింది... చాలా మారింది

2018 నవంబరు 15న జావా పేరు తిరిగొచ్చింది. రుస్తుం ఇరానీ కొడుకు బొమన్‌ ఇరానీ, అనుపమ్‌ తరేజా, మహీంద్రా సంస్థ కలిసి పెట్టిన 'క్లాసిక్‌ లెజెండ్స్‌' దాన్ని తెచ్చింది. 293 సీసీ, ధర లక్షా 55 వేల నుంచి. జనం ఎంతగా ఎగబడ్డారంటే, 2019 సెప్టెంబరు దాకా తయారయ్యే బండ్లన్నీ అమ్ముడైపోయాయంటూ నలభై రోజులకే ఆన్‌లైన్‌ బుకింగ్‌ ఆపేశారు. బండ్లు చేతికి రావడం మొదలైంది మాత్రం 2019 మార్చి చివర్లో. డబ్బు కట్టి నెలల తరబడి ఎదురుచూసినవాళ్లు, విసుగొచ్చి బుల్లెట్టు కొనుక్కున్నవాళ్లు ఎందరో.

2022 జనవరి 13న, భోగి ముందు రోజు, ఎజ్డీ కూడా వచ్చేసింది. రోడ్‌స్టర్‌, స్క్రాంబ్లర్‌, అడ్వెంచర్‌... మూడు రకాలు. 334 సీసీ, నీళ్లతో చల్లబడే ఇంజిను, ఆరు గేర్లు, ముందూ వెనకా డిస్క్‌ బ్రేకులు, ఏబీఎస్‌. ఇప్పుడు తయారయ్యేది మైసూరులో కాదు, మధ్యప్రదేశ్‌లోని పీథంపూర్‌లో. 2025 ఆగస్టులో రోడ్‌స్టర్‌ను మళ్లీ ముస్తాబు చేసి రెండు లక్షల పదివేలకు విడుదల చేశారు.

కొత్తదాన్ని చూసిన పెద్దల మొదటి ఫిర్యాదు చప్పుడు మీదే. 'ఇది ఎజ్డీలా దగ్గదేంటి?' అని. ఫోర్‌ స్ట్రోక్‌ ఇంజినుకు ఆ దగ్గు రమ్మన్నా రాదు. పాత టూ స్ట్రోక్‌లో క్రాంకు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఒకసారి మంట రేగుతుంది, ఫోర్‌ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే. పైగా 2020 ఏప్రిల్‌ నుంచి అమలైన బీఎస్‌-6 నిబంధనల ముందు ఆ నీలం పొగ బండి నిలవడం కష్టం. రెండో ఫిర్యాదు ఇంట్లో ఆడవాళ్లది. పాత బండికి బారెడు సీటు. పెద్దతిరునాళ్లకు పెనుగంచిప్రోలు వెళ్లాలంటే మొగుడూ పెళ్లాం మధ్యలో పిల్లాడు, ట్యాంకు మీద ఇంకో పిల్ల... అంతా ఒకే బండి మీద. కొత్తదానికి వెనక సీటు చిన్నదైపోయింది. 'ఇది ఒక్కడు తిరిగే బండి' అని తేల్చేస్తారు.

కుర్రాళ్ల లెక్క వేరు. చిల్లకల్లు దాటాక నాలుగు వరుసల రోడ్డెక్కితే ఈ బండి ఆగదంటారు. కీసర దాకా ఆరో గేరులో ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా వెళ్తుందంటారు. బ్రేకు వేస్తే నిలబడుతుంది, అది చాలదా అని అడుగుతారు. పాత బండి డ్రమ్‌ బ్రేకుతో లారీ వెనక వెళ్లినవాళ్లెవరూ ఈ మాటకు ఎదురు చెప్పలేరు.

ఎకరం మిర్చి ఖరీదు

కంపెనీలు ఇలాంటి బండ్లను 'అందుబాటు ధర' అంటాయి. నగరంలో జీతగాడికి నిజమే కావచ్చు. మెట్టలో లెక్క క్వింటాళ్లలో ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి రైతులు గగ్గోలు పెడితే, మార్కెట్‌ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాకు ప్రకటించిన ధర 11,781 రూపాయలు. ఆ ధరతో చూస్తే రెండు లక్షల పదివేల బండికి దాదాపు 18 క్వింటాళ్ల మిర్చి కావాలి. ఎకరం బాగా పండితే వచ్చే దిగుబడి ఇంచుమించు అంతే. అదీ విత్తనాలు, మందులు, కోత కూలీ తీయకముందు!

కాస్త ఊరటేంటంటే, 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ లోపు బండ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. రోడ్‌స్టర్‌ మీద ఆ తేడా పదహారు వేల దాకా ఉంటుంది. అంతకన్నా పెద్ద ఇంజిన్లకు మాత్రం 40 శాతం. అందుకే ఇప్పుడు పాత పేర్ల పోటీ అంతా 350 గీత లోపలే. రోడ్డు ట్యాక్సు, ఇన్సూరెన్సు కలిపితే మాత్రం బండి మళ్లీ రెండు లక్షలు దాటుతుంది. వంద సీసీ బండ్లు రెండు కొనుక్కోగలిగిన డబ్బది. అంత సొమ్ము పెట్టేవాడు కేవలం పేరు చూసి పెట్టడు, ఆ పేరు వెనక ఎవరున్నారో చూసుకుంటాడు. పైగా ఎజ్డీ పేరు ఎవరిదన్న తగవు కర్ణాటక హైకోర్టు దాకా వెళ్లింది కూడా.

షెడ్డులో తీర్పు

ఈ చర్చ తేలాల్సింది షోరూములో కాదు, మెకానిక్‌ షెడ్డులో. పాత ఎజ్డీలు విప్పి బిగించిన చేతులకు కొత్త బండిలో పట్టు దొరకదు. కార్బొరేటర్‌ లేదు, పెట్రోలు ఎంత పోవాలో చిన్న కంప్యూటర్‌ చెబుతుంది. ప్లాటినం పాయింట్లు లేవు, సెన్సర్లున్నాయి. బండి మొరాయిస్తే చెవి పెట్టి వినడం కాదు, స్కానర్‌ తగిలించి చదవాలి. ఆ స్కానరు, ఆ శిక్షణ పేటలోని చిన్న షెడ్డుకు రానంతవరకూ చిన్న జబ్బుకైనా కంపెనీ సర్వీసు సెంటరుకు పరుగెత్తాల్సిందే. జగ్గయ్యపేట నుంచి బెజవాడంటే రానూపోనూ నూట యాభై కిలోమీటర్ల పైమాటే. మిర్చి కోతల రోజుల్లో అంటే ఒక పూట కూలి, ఒక పూట పని పోయినట్టే.

'బుల్లెట్టూ మారింది కదా, దానికీ కంప్యూటర్‌ వచ్చింది కదా' అనొచ్చు. నిజమే. కాకపోతే బుల్లెట్టు 1955 నుంచి ఇక్కడే తయారవుతూ ఉంది, మధ్యలో మాయమవలేదు. అది మారినప్పుడల్లా మెకానిక్కు కూడా దానితోపాటే నేర్చుకుంటూ వచ్చాడు. ఎజ్డీకి పాతికేళ్ల ఖాళీ పడింది. ఆ ఖాళీలో ఒక తరం మెకానిక్కులు రిటైరైపోయారు. తర్వాతి తరానికి ఎజ్డీ అంటే పాత ఫొటో మాత్రమే.

అందుకే కొనాలని మనసు లాగుతున్నవాళ్లకు షెడ్డు పెద్దలు చెప్పే నాలుగు మాటలు వినదగ్గవే. సర్వీసు సెంటరు ఎంత దూరమో ముందు కొలుచుకోండి. క్లచ్‌ కేబులు, బ్రేకు ప్యాడ్లు, అద్దం... ఈ మూడూ అక్కడ ఈరోజే దొరుకుతాయా అని అడగండి, 'తెప్పిస్తాం' అంటే ఎన్ని రోజులో రాయించుకోండి. వారంటీలో ఏవి వస్తాయో, ఏవి రావో చదవండి. చివరగా, ఏడాది నుంచి అదే బండి నడుపుతున్న మనిషి ఒక్కణ్ని పట్టుకోండి. అతను చెప్పేది ప్రకటనలో ఉండదు.

ఇన్ని చెప్పినా కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. పశువుల కొట్టంలో టార్పాలిన్‌ కప్పుకుని నిద్రపోతున్న నాన్న బండి పక్కన కొడుకు కొత్త ఎజ్డీ వచ్చి నిలబడుతోంది. నాన్న పైకి 'దండగ ఖర్చు' అని సణుగుతాడు. మర్నాడు పొద్దున్నే, ఎవరూ లేవకముందే, పాత బనీనుతో కొత్త బండి ట్యాంకు తుడుస్తూ కనిపిస్తాడు.

ఇక 'ఈ కొత్త ఎజ్డీ మంచిదేనా?' అని పాత మెకానిక్కును అడిగితే? చేతి మసి తుడుచుకుంటూ ఆయన చెప్పే జవాబు ఒక్కటే.

''ముప్ఫై ఏళ్లయ్యాక తీసుకురా... అప్పుడు చెప్తా!''