ఆ ఐదో రౌండ్ ఏది?

హాస్టల్లో రాత్రి పదకొండు దాటితే సౌండ్ చేయకూడదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే వార్డెన్‌గారికి వినపడేది కీల టకటక మాత్రమే కాబట్టి మాకు ఇబ్బంది లేదు. అలా ఒక రాత్రి ఫేర్‌వెల్ పాట కోసం కూర్చున్నాం. నేను లాప్‌టాప్ దగ్గర, సీనియర్ అన్న కీబోర్డ్ దగ్గర. పల్లవి ఎనిమిది బార్లు లూప్‌లో పెట్టి రికార్డ్ నొక్కాను. "అన్నా, ఎక్కడా ఆపకు, ట్రాక్ తిరుగుతూనే ఉంటుంది, వాయిస్తూ ఉండు" అన్నాను.

ఐదో రౌండ్‌లో అన్న గాంధారం మీద కొంచెం ఎక్కువసేపు నిలబడి, ఆలస్యంగా కిందికి జారాడు. తప్పే అది, తాళానికి అందలేదు. కానీ ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ ఊపులో ఇంకో ఆరేడు రౌండ్లు వాయించాడు. స్టాప్ కొట్టి చూస్తే క్లిప్‌లో చివరి రౌండ్ ఒక్కటే ఉంది. సెట్టింగ్ రీప్లేస్‌లో ఉందట. కొత్త రౌండ్ వచ్చినప్పుడల్లా పాతది చెరిగిపోయింది.

మర్నాడు బుద్ధి తెచ్చుకుని ఓవర్‌డబ్ ఆన్ చేశాను. ఈసారి ఏదీ చెరగలేదు, అదే సమస్య. మొదటి రౌండ్‌లో వాయించింది రెండో రౌండ్‌లో వినపడుతుంది, మూడో రౌండ్‌కి ఆ రెండూ వినపడతాయి. అన్న పాట వాయించడం మానేసి ఖాళీలు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. పైగా గమకం కోసం పిచ్ వీల్ వాడుతున్నాడు. మిడిలో సౌండ్ ఉండదు, ఏ కీ, ఎప్పుడు, 127కి ఎంత గట్టిగా, ఎప్పుడు వదిలారు అనే లెక్క మాత్రమే ఉంటుంది. పిచ్ బెండ్ లెక్క ఒక్కో నోట్‌కి విడిగా ఉండదు, ఆ ఛానల్ మొత్తానికీ ఒకటే. నాలుగో రౌండ్‌లో ఒక స్వరాన్ని వంచితే అక్కడ మొదటి రౌండ్‌లో వాయించినవి కూడా వంగిపోయాయి. పెళ్లి ఊరేగింపులో రెండు బ్యాండ్లు ఎదురుపడినట్టుంది.

అందుకే నా అభిప్రాయం గట్టిగానే చెప్తున్నా: మెలొడీకి లూప్ మీద ఓవర్‌డబ్ వద్దు, రీప్లేస్ అసలే వద్దు. ప్రతి రౌండూ విడి టేక్‌గా పడాలి. క్యూబేస్‌లో స్టాక్డ్ అనీ, లాజిక్‌లో టేక్ ఫోల్డర్ అనీ ఉంటుంది. అబ్లెటన్ లైవ్‌లో 2021లో 11వ వర్షన్‌తో టేక్ లేన్లు వచ్చాయి. మీ సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఏమంటారో రికార్డ్ నొక్కకముందే వెతుక్కోండి, మాలాగా తర్వాత కాదు.

డ్రమ్స్ సంగతి వేరు, ఒప్పుకుంటా. రోజర్ లిన్ 1980లో తెచ్చిన ఎల్‌ఎమ్-1 డ్రమ్ మెషిన్‌లో పని జరిగేదే అలా. చిన్న పాటర్న్ తిరుగుతుంటే ముందు కిక్, తర్వాత స్నేర్, ఆ పైన హై-హ్యాట్ చేర్చుకుంటూ పోవడం. అక్కడ ఒకదాని మీద ఒకటి పేర్చడమే పద్ధతి. కానీ ఆ అలవాటునే తెచ్చి పల్లవి మీద రుద్దితే ఎట్లా?

ఇంకో చిన్న మాట. లూప్‌ని సరిగ్గా పల్లవి కొలతకే కత్తిరించకండి. మొదటి స్వరం వెంట్రుకవాసి ముందు పడిందనుకోండి, అది మొదట్లో కాకుండా లూప్ చివర రికార్డ్ అవుతుంది. మొదట్లో స్వరం ఎందుకు లేదా అని మేము అరగంట జుట్టు పీక్కున్నాం. చివరి స్వరం సాగదీస్తే లూప్ మలుపు దగ్గర తెగుతుంది కూడా. ముందొకటి, వెనకొకటి ఖాళీ బార్ ఇస్తే ఈ రెండు బాధలూ ఉండవు, వాయించేవాడికి ఊపిరి పీల్చుకునే టైమూ దొరుకుతుంది. క్వాంటైజ్ గురించి మాత్రం నన్ను అడగకండి, అది మొదలుపెడితే ఈ సంచిక సరిపోదు.

"ముప్పై టేకులు ఉంటే ఎవడు వింటాడ్రా?" అని మా రూమ్మేట్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. నిజంగానే ఎవరూ వినరు. అందుకే నేనిప్పుడు ఆరు రౌండ్లకి ఆపేస్తున్నా. ఆపి, కీబోర్డ్ ముట్టుకోకుండా ఆరూ వింటాం. బాగోకపోతే టీ తాగొచ్చి ఇంకో ఆరు. లూప్ తిరుగుతున్నంతసేపూ "వచ్చే రౌండ్‌లో సరిచేద్దాంలే" అనిపిస్తుంది, దాంతో ఈ రౌండ్‌ని ఎవరూ వినరు. ఆ రాత్రి మా ఇద్దరికీ నచ్చింది ఐదో రౌండ్ అయినప్పుడు, నేను చేయాల్సిన పని ఒక్కటే, స్పేస్‌బార్ నొక్కడం. నొక్కలేదు.

మూడో రాత్రి టేకులు పెట్టి తీశాం. నీట్‌గా వచ్చింది, ఫేర్‌వెల్‌లో అదే వేశాం, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గాంధారం మాత్రం మళ్లీ అలా పడలేదు. అన్న ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. మొన్న ఫోన్‌లో "ఆ ఐదో రౌండ్ గుర్తుందా అన్నా?" అని అడిగితే, ఏదీ తడుముకోకుండా హమ్ చేసి వినిపించాడు. కాల్ కట్ అయ్యాక గుర్తొచ్చింది, నేను రికార్డ్ చేయలేదని.