చదువుల ముచ్చట: రీసెర్చి మాస్టర్స్‌కు ఏమేం కావాలి?

ఊర్జానగర్‌లో ఉండే ఒక తండ్రిగారు ఈమధ్య నన్ను ఆపి అడిగారు. "ఏమండీ, మావాడు సస్టెయినబుల్ ఎనర్జీలో రీసెర్చి మాస్టర్స్ అంటున్నాడు. రెండు మూడేళ్లట. బి.టెక్. అయినవాణ్ణి మళ్లీ చదివించడం దేనికండీ?" మన పాఠకుల ఇళ్లలో ఇంకొందరికీ ఈ సందేహం ఉండవచ్చు గనుక ఈసారి ఆ ముచ్చటే.

మామూలు ఎం.టెక్.లో క్లాసులు ఎక్కువ, చివర ప్రాజెక్టు. రీసెర్చి మాస్టర్స్‌లో క్లాసులు కొద్ది, థీసిస్సే ప్రధానం. మద్రాసు ఐ.ఐ.టి.లో దీన్ని ఎం.ఎస్. అంటారు, బెంగుళూరు ఐ.ఐ.ఎస్‌సి.లో ఎం.టెక్. (రీసెర్చి). పేరులో 'సస్టెయినబుల్' ఉందా అని వెతకనక్కరలేదు. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ శాఖల్లోనూ ఈ పని సాగుతుంది. బొంబాయి ఐ.ఐ.టి.లోనైతే ఎనర్జీకి ఒక శాఖే ఉంది.

అర్హత బి.ఇ. లేక బి.టెక్., దానిపైన గేట్. ఆ స్కోరు 3 సంవత్సరాలు చెల్లుతుంది. 2026 గేట్ నుంచి ఇంజనీరింగ్ సైన్సెస్ పేపరులో ఎనర్జీ సైన్స్ భాగం కూడా చేర్చారు. అయితే స్కోరు పిలుపు వరకే. తరువాత ఇంటర్వ్యూ, కొన్నిచోట్ల రాతపరీక్ష కూడా. గేట్‌తో చేరినవారికి సాధారణంగా నెలకు 12,400 రూపాయల స్టైపెండు వస్తుంది కనుక తండ్రికి మరీ భారం కాదు.

విదేశాల సంగతి వేరు. కెనడాలో సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయానికి, సర్రే పట్టణంలో, అచ్చంగా సస్టెయినబుల్ ఎనర్జీ ఇంజనీరింగ్ పేరుతోనే ఒక స్కూలు ఉంది. అక్కడ మార్కులు, ఇంగ్లీషు పరీక్ష, సిఫారసు ఉత్తరాలు ఒక ఎత్తు, గైడుగా ఉండడానికి ఒక ప్రొఫెసరు ఒప్పుకోవడం ఒక ఎత్తు. స్టాక్‌హోం కె.టి.హెచ్.లోనూ ఇదే పేరుతో కోర్సు ఉంది గాని అందులో క్లాసులే ఎక్కువ, థీసిస్ చివరి సెమిస్టరులో. పైగా 2011 నుంచి మనవాళ్లకు ఫీజు కూడాను. పేరు చూసి తొందరపడకండి.

ఇక ఏ ఫారంలోనూ సరిగా కనబడని అర్హత ఒకటుంది. ఇంటర్వ్యూలో "నీవు ఏం తెలుసుకోవాలనుకుంటున్నావు?" అంటారు. మంచి మార్కులున్న పిల్లలు చాలామంది తడబడేది అక్కడే. మన ఊరి పిల్లలు తడబడనక్కరలేదంటాను. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో చంద్రపూర్‌కు వచ్చినది 83.88. అలాంటి మార్కులు ఎక్కువ రావడం గొప్ప కాదు లెండి! మన థర్మల్ సామర్థ్యం 2,920 మెగావాట్లు. పాత 210 మెగావాట్ల యూనిట్లు రెండు మూతపడ్డాయి. పగలు సోలారు కరెంటు పెరిగేకొద్దీ బొగ్గు యూనిట్లు లోడు తగ్గించుకోవాలి. 2023 నిబంధనల ప్రకారం ముందు 55 శాతానికి, ఆ తరువాత 40 శాతానికి. ఇలా రోజూ దించుతూ ఎక్కిస్తూ ఉంటే బాయిలరు ట్యూబులు ఎన్నాళ్లు ఆగుతాయి? యూనిట్ కరెంటుకు బొగ్గు ఎంత ఎక్కువ పడుతుంది? ఇది థీసిస్‌కు సరిపోయే ప్రశ్నే. బూడిద, ఇరై డ్యాం నీళ్లు... ఇంకా ఎన్నైనా ఉన్నాయి.

ఉద్యోగం దొరక్క కాలక్షేపానికి ఈ చదువు అంటే మాత్రం నేను వద్దనే అంటాను. ప్రశ్న లేనివాడికి థీసిస్ పెద్ద శిక్ష. డ్యూటీ నుంచి వచ్చిన నాన్నను కూర్చోబెట్టి, ఈరోజు లోడు ఎందుకు తగ్గించారని అడిగే అబ్బాయిని గాని, అమ్మాయిని గాని ఆపకండి.

గేట్ ఫిబ్రవరిలో జరుగుతుంది, దరఖాస్తులు ముందటి ఏడాది ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి. సిఫారసు ఉత్తరాల కోసం మన గవర్నమెంటు ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసరుగార్లను సెలవులకు ముందే కలుసుకోవడం మంచిది.