తలుపు బయట మారిన మనిషి

‘మిషన్’ అనే మతప్రచార సేవ ముగించుకుని ఇంటికొచ్చిన మోర్మన్ కుర్రాణ్ని ఎలా గడిచిందని అడిగితే ఎక్కువసార్లు వినిపించే జవాబు ఒకటే. నా జీవితంలో అన్నిటికన్నా మంచి రెండేళ్లు అవే అంటాడు. ఆ మాట అబద్ధమని నేననను. పద్దెనిమిదేళ్లకు యూటాలోని తన ఊరు వదిలి, బ్రెజిల్‌లోనో ఫిలిప్పీన్స్‌లోనో పరాయి భాషలో తడబడి, వందల ఇళ్లలో లేదు పొమ్మనిపించుకుని, ఇరవయ్యేళ్లకు తిరిగొచ్చినవాడు వెళ్లినప్పటి పిల్లాడిలా ఉండడు. ఓర్పు వస్తుంది. బట్టలు తనే ఉతుక్కోవడం వస్తుంది. ముక్కూమొహం తెలియని మనిషితో పది నిమిషాలు మర్యాదగా మాట్లాడటం వస్తుంది. ఈ ఎదుగుదలతో నాకు పేచీ లేదు. దాన్ని ఎవరి ఖాతాలో జమ వేస్తున్నారన్నదే నా పేచీ.

ముందు ఆ రెండేళ్లు ఎలా గడుస్తాయో చూడాలి. 2012 అక్టోబరులో మోర్మన్ల సంఘం మగపిల్లలు మిషన్‌కు వెళ్లే వయసును 19 నుంచి 18కి దించింది. వాళ్లకు 24 నెలలు, ఆడపిల్లలకు 18 నెలలు. ఎక్కడికి వెళ్లాలో వాళ్లు ఎంచుకోరు, పిలుపు వచ్చిన చోటికి వెళ్తారు. మొదట కొన్ని వారాల శిక్షణ. దీనికి యూటాలోని ప్రోవోలో పెద్ద కేంద్రమే ఉంది. తర్వాత తెల్ల చొక్కా, టై, ఛాతీ మీద నల్ల బ్యాడ్జి. బ్యాడ్జి మీద సొంత పేరు ఉండదు, ఇంటి పేరు ముందు ‘ఎల్డర్’ అని మాత్రం ఉంటుంది. ఎల్డర్ అంటే పెద్ద. మూతి మీద మీసం సరిగా మొలవని పెద్ద! పొద్దున ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు దీపం ఆర్పాలి అన్నది చాలాకాలం నడిచిన పద్ధతి. సినిమాలు లేవు, అమ్మాయిలతో తిరగడాలు లేవు. ఒక్కడే ఎక్కడికీ పోకూడదు. పక్కన జతగాడు ఉండాలి, ఒకరికొకరు కనబడేంత, వినబడేంత దగ్గరలోనే మసలాలి. జతగాణ్ని పైవాళ్లే ఇస్తారు, పైవాళ్లే మారుస్తారు. 2019 ఫిబ్రవరి వరకు ఇంటికి ఫోను చేసుకునే వీలు ఏడాదికి రెండుసార్లే ఉండేది, ఒకటి క్రిస్మస్‌కు, రెండోది మాతృదినానికి. ఇప్పుడు వారానికోసారి చేసుకోనిస్తున్నారు. దానివల్ల ఎవరి విశ్వాసమూ కూలిపోయిన దాఖలా లేదు. మరి అన్ని దశాబ్దాలు ఎందుకు ఆపారు?

జీతం ఉండదు. పైగా ఖర్చు కుర్రాడిదీ వాళ్ల కుటుంబానిదీ. అమెరికా కుర్రాడికి నెలకు 400 డాలర్లు కట్టాల్సి ఉండేది, 2020 జూలై నుంచి అది 500 అయింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

ఇంత కష్టం ఎవరిని మార్చడానికి? తలుపు వెనకాల ఉన్నవాణ్ని అంటారు. అయితే లెక్క చూద్దాం. సంఘం తానే ప్రకటించిన ప్రకారం 2024 చివరికి లోకమంతటా సుమారు 74 వేలమంది మిషనరీలున్నారు. ఆ ఏడాది బాప్తిస్మం పుచ్చుకుని కొత్తగా చేరినవారు సుమారు 3 లక్షల 8 వేలు. అంటే తలకు ఏడాదికి నలుగురు. ఆ నలుగురూ నిలుస్తారా? బ్రెజిల్‌లో తమ సభ్యులు 11 లక్షలకు పైగా ఉన్నారని సంఘం చెప్పుకుంటున్న రోజుల్లోనే, 2010 జనాభా లెక్కల్లో తాము మోర్మన్లమని చెప్పినవారు సుమారు 2 లక్షల 26 వేలే. మిగతావాళ్లు నీళ్లలో మునిగి, లేచి, ఇంటికి పోయారు. అంకెల మోజు ఎంతదాకా పోతుందో 1960ల మొదట్లో ఇంగ్లండ్‌లో తేలింది. బేస్‌బాల్ ఆడదాం రండని కుర్రాళ్లను పోగేసి, జట్టులో చేరాలంటే ఇదొక తంతు అన్నట్టు బాప్తిస్మాలు ఇచ్చేశారు. తర్వాత ఆ పేర్లలో చాలావాటిని పుస్తకాల్లోంచి కొట్టేయాల్సి వచ్చింది. దాన్ని ‘బేస్‌బాల్ బాప్తిస్మాలు’ అని మోర్మన్ చరిత్రకారులే రాసుకున్నారు.

అవతలివాణ్ని మార్చే యంత్రంగా చూస్తే ఇది చిల్లుల కుండ. వెళ్లినవాణ్నే గట్టి మోర్మన్‌గా మార్చే యంత్రంగా చూస్తే మాత్రం గట్టి పనితనం కనిపిస్తుంది. మతం మారేది తలుపు లోపలి మనిషి కంటే బయట నిలబడ్డ కుర్రాడే.

ఎలాగంటే, సాక్ష్యం వల్ల. మన క్రైస్తవ కుటుంబాలకు ఈ మాట కొత్త కాదు. సభలో నిలబడి, దేవుడు నాకు ఈ మేలు చేశాడని చెప్పడం సాక్ష్యం. మోర్మన్ల సాక్ష్యం తరహా వేరు. ఈ సంఘం సత్యమని నాకు తెలుసు, దీన్ని స్థాపించిన జోసెఫ్ స్మిత్ ప్రవక్త అని నాకు తెలుసు అంటారు. నమ్ముతున్నాను అనడం చాలదు, తెలుసు అనాలి. మరి ఇంకా తెలియని కుర్రాడి సంగతేమిటి? ఈ సంఘంలో అపొస్తలుడి హోదా ఉన్న బోయ్డ్ ప్యాకర్ 1982లో మిషన్ అధ్యక్షుల ముందు దీనికి దారి చూపించాడు. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: సాక్ష్యం దొరికేది సాక్ష్యం చెప్పడంలోనే. తెలిశాక చెప్పడం లోకరీతి. ఇక్కడ చెబుతూ పోతే తెలుస్తుంది. రోజుకు పదిసార్లు, రెండేళ్లపాటు, పక్కన జతగాడు వింటుండగా.

స్టాన్‌ఫర్డ్‌లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు చేసి 1959లో ప్రచురించిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. విద్యార్థుల చేత గంటసేపు విసుగుపుట్టే పని చేయించారు. చెక్క మేకుల్ని కొంచెం తిప్పడం, మళ్లీ తిప్పడం లాంటివి. తర్వాత బయట వేచి ఉన్న అమ్మాయితో, పని భలే సరదాగా ఉందని చెప్పమన్నారు. అలా చెప్పినందుకు కొందరికి 20 డాలర్లు, కొందరికి 1 డాలరు ఇచ్చారు. ఆఖరున నిజంగా ఎలా అనిపించిందని అడిగితే, పని బాగుందని ఎక్కువగా చెప్పినవాళ్లు ఒక్క డాలరు వాళ్లు. ఇరవై పుచ్చుకున్నవాడికి అబద్ధానికి కారణం జేబులో ఉంది. ఒక్క డాలరు వాడికి అంత కారణం లేదు, అందుకని మనసే సర్దుకుంది. ఇలాంటి ప్రయోగాలు మళ్లీ చేసినప్పుడు అన్నీ ఒకేలా తేలలేదు. కారణం మీద పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. ఆ సందేహాన్ని ఉంచుకునే అడుగుతాను. ఒక్క డాలరే మనసును అలా వంచగలిగితే, నెలనెలా తానే ఎదురు డబ్బు కట్టి, చదువు ఆపుకుని, అమ్మకు దూరంగా ఉండి రెండేళ్లు ఇది సత్యమని ఊరూరా చెప్పినవాడి మనసు ఎంత సర్దుకోవాలి? ఇదంతా వృథా అని ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి?

బంగారు రేకుల నుంచి అనువదించానని స్మిత్ చెప్పిన మోర్మన్ గ్రంథం చివర ఒక పరీక్ష ఉంది. చదివి, నిజాయితీగా, విశ్వాసంతో ప్రార్థించి, ఇది సత్యమా అని దేవుణ్ని అడిగితే పరిశుద్ధాత్మ తెలియజేస్తాడట. మిషనరీలు ఇంటింటా ఇచ్చే సవాలు ఇదే. పైకి ప్రయోగంలాగే ఉంటుంది. అయితే ఛాతీలో వెచ్చగా అనిపిస్తే సత్యమని తేలినట్టు. ఏమీ అనిపించకపోతే? నీ నిజాయితీ చాలలేదు, మళ్లీ అడుగు. కాదు అన్న జవాబుకు చోటు లేని ప్రశ్నను పరీక్ష అనడం మా లెక్కల మాస్టారైతే ఒప్పుకోడు.

ఆ వెచ్చదనం బూటకమని కూడా నేననను. యూటా విశ్వవిద్యాలయం వాళ్లు 19 మంది మాజీ మిషనరీల మెదళ్లను ఎంఆర్ఐ యంత్రంలో పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. ఆత్మ తాకిన అనుభూతి బలంగా కలిగినప్పుడు మెదడులో చురుకైన చోట్లలో ఒకటి, ఇష్టమైన సంగీతానికి, ప్రేమకు, జూదానికి కూడా స్పందించే చోటే. దీనివల్ల దేవుడు లేడని రుజువు కాలేదు, ఆ పరిశోధకులూ అలా అనలేదు. తేలింది ఒకటే. ఛాతీ వెచ్చబడటం మనిషికి దేని వల్లయినా జరుగుతుంది. మంచి పాటకు ఒళ్లు పులకరిస్తే ఆ పాటలోని సంగతంతా చరిత్రలో జరిగిందని ఎవరూ అనరు కదా.

ఇక ఖాతా సంగతి. 1961లో కెనెడీ మొదలుపెట్టిన పీస్ కోర్ అనే సేవా కార్యక్రమంలో కూడా అమెరికా యువకులు సుమారు రెండేళ్లు పరాయి దేశంలో, పరాయి భాషలో గడుపుతారు. అందులో ప్రవక్త లేడు, బంగారు రేకులు లేవు. అయినా తిరిగొచ్చినవాళ్లు చెప్పేది అచ్చం ఇదే, అక్కడే మనిషినయ్యాను అని. తబ్లీగీ జమాత్‌తో నలభై రోజుల ‘చిల్లా’ అనే ప్రచారయాత్రకు వెళ్లొచ్చిన ముస్లిం కుర్రాడూ ఇదే చెబుతాడు. అయ్యప్ప మాల వేసుకుని నలభై ఒక్క రోజులు చన్నీళ్ల స్నానం చేసి, నేల మీద పడుకుని, మందు మానేసిన మన పక్కింటాయనా ఇదే చెబుతాడు. అమెరికాలోని ఒక గుట్టలో దొరికిందంటున్న రేకుల గ్రంథం నిజమైతే ఈ చివరి ఇద్దరి సిద్ధాంతాలు నిలవవు. వాళ్లవి నిజమైతే ఇది నిలవదు. కానీ ముగ్గురూ ఎదిగారు. అలాంటప్పుడు ఆ ఎదుగుదల వీటిలో దేనికి సాక్ష్యం? వేళకు లేవడానికి, దురలవాట్లు మానడానికి, తనకన్నా పెద్ద పని ఏదో చేస్తున్నానన్న భావానికి, పక్కన తోడుండటానికి అది సాక్ష్యం. మన నాస్తికుడు గోరా దేవుణ్ని పక్కనపెట్టి జీవితమంతా తనకన్నా పెద్ద పనే చేశాడు. విజయవాడలో ఆయన నాస్తిక కేంద్రం ఇప్పటికీ ఉంది.

ఈ ఖాతాలో ఇంకో మోసం కూడా ఉంది. ఎటు ఎదిగినా ఎదుగుదలే కావాలి కదా? తలుపు తీసిన ఇంటాయన, మీ సంఘం 1978 వరకు నల్లజాతి మగవాళ్లకు యాజకత్వం ఎందుకివ్వలేదు అని అడుగుతాడు. జోసెఫ్ స్మిత్ ‘అబ్రాహాము గ్రంథం’గా అనువదించానన్న పపైరస్ ముక్కలు 1960ల్లో న్యూయార్క్‌లోని ఒక మ్యూజియంలో బయటపడ్డాయి, ఈజిప్టు లిపి చదవగలిగినవాళ్లు అవి శవసంస్కారపు రాతలని తేల్చారు, నీకు తెలుసా అంటాడు. కుర్రాడు ఆ రాత్రి నిద్రపోడు. చదువుతాడు, ఆలోచిస్తాడు, చివరికి నాకు తెలియదు అనే మాట నేర్చుకుంటాడు. నా లెక్కలో రెండేళ్లలో అతను నేర్చినవాటిలో ఇదే పెద్దది. సంఘం లెక్కలో ఇది పతనం. కాలం పూర్తికాకుండా తిరిగొచ్చిన పిల్లలు, ఒంట్లో బాగాలేక వచ్చినా సరే, ఊళ్లో తల దించుకుని నడవాల్సి వస్తుంది. పుంజుకున్న విశ్వాసం దేవుడి కృప అట, సడలిన విశ్వాసం మాత్రం మనిషి లోపమట. ఇలా రాసిన పద్దును ఏ ఆడిటరూ సంతకం పెట్టి ఇవ్వడు.

ఇదంతా ఎక్కడో యూటా గొడవ అనుకోకండి. సమోవాలో ఉండగా ఈ సంఘంలో చేరిన ఒక తెలుగు కుటుంబం 1978లో హైదరాబాద్ వచ్చి బంధువులకు బాప్తిస్మాలు ఇప్పించింది. భారతదేశంలో ఈ సంఘపు మొదటి ‘స్టేకు’, అంటే కొన్ని సంఘాలను కలిపిన పెద్ద విభాగం, 2012లో ఏర్పడింది హైదరాబాద్‌లోనే. మోర్మన్ గ్రంథం తెలుగులో ఉంది. ఆ నల్ల బ్యాడ్జీ పెట్టుకుని తిరిగే కుర్రాళ్లలో మన పిల్లలూ ఉన్నారు.

వాళ్లు మీ తలుపు తడితే దయచేసి కసురుకోకండి. మన దేవుళ్లు గొప్పవాళ్లని వాదానికీ దిగకండి, అది వాళ్లు చేస్తున్న పనే. లోపలికి పిలిచి కూర్చోబెట్టండి. టీ పెట్టకండి, 1833 నాటి ఒక ‘దైవ ప్రకటన’ పుణ్యమా అని వాళ్లకు టీ కాఫీలు నిషిద్ధం. మజ్జిగ ఇవ్వండి. ఇంటికి ఎప్పుడు ఫోన్ చేశావు నాయనా అని అడగండి. తర్వాత మెల్లగా ఇంకొక్క ప్రశ్న వేయండి. ఏం తెలిస్తే నీ సంఘం సత్యం కాదని ఒప్పుకుంటావు?

జవాబు కోసం అక్కడికక్కడే పట్టుబట్టకండి. పక్కన జతగాడు కూర్చుని ఉంటాడు.