జాబితాలో మన పేరు లేని రోజున

పంచాయతీ ఎన్నికల సందడి ముగిసింది. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో మూడు విడతలుగా మన రాష్ట్రం సర్పంచులను, వార్డు సభ్యులను ఎన్నుకుంది. అసలు పని మాత్రం ఇప్పుడు మొదలవుతుంది. నెలనెలా పంచాయతీ సమావేశం, రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. ఎజెండా చదవాలి, జమాఖర్చులు చెప్పాలి, తీర్మానం రాయాలి, సంతకాలు తీసుకోవాలి. పత్రికల్లో నాలుగు పంక్తులకు కూడా నోచుకోని ఈ మామూలు వ్యవహారం గురించి ఈ వారం మాట్లాడదలిచాము.

టేక్మాల్ మండలాన్నే తీసుకుందాం. 2016 అక్టోబరులో పాత మెదక్ జిల్లాను మూడుగా విడదీసినప్పుడు ఇది మెదక్ జిల్లాలోనే ఉండిపోయింది. దాని శాసనసభ నియోజకవర్గ కేంద్రమైన అందోలు మాత్రం సంగారెడ్డి జిల్లాలోకి వెళ్ళింది. లోక్‌సభ నియోజకవర్గం జహీరాబాద్. కలెక్టరు ఒక దిక్కున, ఎమ్మెల్యే ఒక దిక్కున, ఎంపీ మరో దిక్కున. ఇలాంటి చోట మోరీ నిండినా, బోరు మోటరు కాలినా, వీధి దీపం వెలగకపోయినా, కూలి పని మానుకోకుండా నడిచి వెళ్ళి అడగగలిగేది పంచాయతీనే.

ఆ పంచాయతీలో పాలకవర్గం లేకపోతే ఏమవుతుందో మనం చూశాం. 2019లో ఎన్నికైన సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. అప్పటినుంచి దాదాపు రెండేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన నడిచింది. తమ శాఖ పని తాము చేసుకుంటూనే ఆ అధికారులు ఊళ్ళ బాధ్యత కూడా మోశారు. 2024 జులైలో మండల, జిల్లా పరిషత్తుల గడువు కూడా తీరిపోయింది. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు విడుదల కావు. చెత్త ట్రాక్టరు డీజిలుకు కార్యదర్శులు సొంత జేబులోంచి ఖర్చు పెట్టుకుంటున్నారని, చేసిన పనులకు బిల్లులు రాలేదని మాజీ సర్పంచులు రోడ్డెక్కారని ఆ రోజుల్లో తరచు విన్నాం. ఎవరూ పట్టించుకోని ఆ చిన్న సమావేశాల విలువ అవి ఆగిపోయినప్పుడు తెలిసింది.

ఇక మన సంగతికి వద్దాం. 2025 జనవరి 21 నుంచి 24 వరకు రాష్ట్రమంతటా గ్రామసభలు జరిగాయి. రేషన్ కార్డులు, ఇందిరమ్మ ఇళ్ళు, రైతు భరోసా, ఇందిరమ్మ ఆత్మీయ భరోసా జాబితాలు చదివారు. జనం కిక్కిరిసి వచ్చారు. పేరు లేనివారు నిలదీశారు, కొన్నిచోట్ల కేకలు, తోపులాటలు కూడా జరిగాయి. అందులో తప్పు పట్టడానికేమీ లేదు, ఆకలిగొన్నవాడు అడుగుతాడు. కాని ఆ ఊళ్ళోనే బడ్జెట్టు చదివే గ్రామసభకు వచ్చేది ఎందరు? జాబితాలో మన పేరు ఉందో లేదో చూసుకోవడానికి వెళ్తున్నాం. ఆ జాబితా ఏ లెక్కన తయారవుతుందో అడగవలసిన రోజున ఇంట్లో ఉంటున్నాం.

అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం మనకు కొత్త కాదు. అనుదిన పరిచర్యలో కొందరు విధవరాండ్రను చిన్నచూపు చూశారని సణుగు పుట్టింది. అది జాబితా తగాదాయే. అపొస్తలులు దాన్ని లోకసంబంధమని తోసిపుచ్చలేదు. అందరినీ సమకూర్చి, మంచి పేరు గలవారిని ఏడుగురిని ఏర్పరచుకోమన్నారు. భోజనబల్లల లెక్క చూడడానికి కూడా ఆత్మతోను జ్ఞానముతోను నిండినవారే కావాలని ఆదిసంఘం అనుకుంది.

సంఖ్యాకాండము 27లో సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురూ సర్వసమాజం ఎదుట నిలబడి తమ తండ్రి స్వాస్థ్యం అడిగారు. మోషే ఆ మనవిని దేవుని సన్నిధికి తీసుకెళ్ళాడు. వారడిగినది న్యాయమేనని జవాబు వచ్చింది, అది తరతరాలకు కట్టడ అయింది. వారు గుడారంలో కూర్చుని బాధపడి ఊరుకుంటే ఆ కట్టడ ఎలా వచ్చేది?

మా లోపం కూడా ఒప్పుకోవాలి. కాపరులమైన మేము పల్లె సంఘాలకు వెళ్ళినప్పుడు ఎక్కువగా వినే మాట సమాధుల స్థలం గురించే. ఊరూరా వైకుంఠధామాలు కట్టారు, మన మృతులను పాతిపెట్టడానికి జాగా లేదని మనవారు అంటారు. న్యాయమైన బాధే. అర్జీ రాసిస్తాము, పంచాయతీ తీర్మానం చేయించండని చెప్తాము. అయితే మన స్మశానం కోసం తప్ప ఇంక దేనికీ సంఘం గ్రామసభ గడప తొక్కకపోతే, ఊరివారికి మన సాక్ష్యం ఏమిటి? పక్క వాడలో నల్లా రాని ముసలమ్మ కోసం, అంగన్‌వాడీ పైకప్పు కోసం ముందు మాట్లాడినవారు, తర్వాత తమ సమాధుల సంగతి ఎత్తితే వినేవారుంటారు. కరవు కాలంలో అన్నార్తులకు పని, తిండి ఇస్తూ లేచిన మెదక్ కెథడ్రల్ 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠితమైంది. ఆ వారసత్వం చెప్పుకునే మనకు ఇది తెలియనిది కాదు.

రాజకీయాలు మనకెందుకని కొందరు పెద్దలు అడుగుతారు. ఏ గుర్తుకు ఓటెయ్యాలో ప్రసంగ వేదిక నుంచి చెప్పడం మా పని కాదు, చెప్పబోము కూడా. మరికొందరికి భయం ఉంటుంది. పదిళ్ళ సంఘం, ఊరి పెద్దల ఎదుట నోరు తెరిస్తే రేపు పనికి పిలుస్తారా అని. ఆ భయాన్ని మేము తేలిక చేయము. అందుకే ఒక్కరిని పంపవద్దు; నలుగురు కలిసి వెళ్ళండి, ఇరుగుపొరుగును వెంట తీసుకెళ్ళండి.

చేయవలసినవి చిన్న పనులే. గ్రామసభ ఎప్పుడో కార్యదర్శిని ముందే అడిగి, ఆదివారం ప్రకటనల్లో చదవండి. వచ్చిన డబ్బెంత, ఖర్చెంత అని మర్యాదగా అడగండి. పంచాయతీ చెక్కుపై సర్పంచ్‌తో పాటు ఉపసర్పంచ్ కూడా సంతకం పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం చెప్తున్నది; ఇద్దరి పేర్లు, మీ వార్డు సభ్యుని పేరు తెలుసుకోండి. తీర్మానాల పుస్తకం ఇంటికి తెచ్చి సంతకం పెట్టమంటే, రాసింది చదివిన తర్వాతే పెట్టండి. చదువురాని వారికి యౌవనస్థులు చదివి వినిపించాలి. మంచి పని జరిగితే సర్పంచును మెచ్చుకోవడమూ మరవవద్దు.

అధికారుల కోసం ప్రార్థించుమని పౌలు తిమోతికి రాసిన మాటను ప్రతి ఆదివారం నెరవేరుస్తున్నాం. ఎవరి కోసం ప్రార్థించామో వారి ఎదుట, జాబితాలో మన పేరు లేని రోజున కూడా, వెళ్ళి కూర్చుందాం. మీ ఊరి తదుపరి గ్రామసభ తేదీ మీకు తెలుసా? తెలియకపోతే, రేపే అడగండి.